పాపాయి వయసు వారాల్లో లెక్కపెట్టడం, ఎదుగుదల రాసుకోవడం ఎలా

"పాపకి ఎన్నో నెల?" అని ఎవరైనా అడిగితే వెంటనే చెప్పేస్తాం. అదే డాక్టర్ దగ్గర "ఎన్ని వారాలు?" అని అడిగితే మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ ఉండిపోతాం. మొదటి మూడు నెలలూ పిల్లలు మారే వేగానికి నెల అనే కొలత సరిపోదు. ఐదు వారాల పాపకీ, ఎనిమిది వారాల పాపకీ నడుస్తున్నది రెండో నెలే. కానీ ఐదు వారాల పాప మన ముఖాన్ని తేరిపార చూస్తూ ఉంటుందంతే. ఎనిమిది వారాలకు అదే పాప మనం పలకరిస్తే నోరంతా తెరిచి నవ్వేస్తుంది. అందుకే పిల్ల పుట్టిన మొదటి రోజుల్లోనే వారాల లెక్క మొదలుపెట్టుకోవాలి. మా రెండో పాప నెలలు నిండకుండా 35 వారాలకే పుట్టింది. నేను ఈ లెక్క నేర్చుకున్నది తనతోనే కాబట్టి తన తేదీలతోనే చెబుతాను. వాటి స్థానంలో మీ బిడ్డ తేదీలు వేసుకుంటూ చదవండి.

ముందుగా: పుట్టిన రోజు సున్నా

పుట్టిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టడం మనలో చాలామందికి అలవాటు. ఈ లెక్కలో అలా చేయకూడదు. పుట్టిన రోజు సున్నా, మర్నాటికి ఒక రోజు వయసు. ఏడు రోజులు గడిచి మళ్ళీ అదే వారం వచ్చేసరికి ఒక వారం నిండినట్టు. తెలుగులో వారం అంటే ఏడు రోజులూ అవును, మంగళవారంలోని వారమూ అవును. ఇక్కడ ఆ రెండూ కలిసొస్తాయి. బిడ్డ ఏ వారం పుట్టిందో గుర్తుంటే చాలు, ప్రతి ఆ వారానికీ వయసు ఒక అంకె పెరుగుతుంది.

మా పాప పుట్టింది 2025 మార్చి 4, మంగళవారం. మార్చి 11కి ఒక వారం, 18కి రెండు, 25కి మూడు, ఏప్రిల్ 1కి నాలుగు. గోడ క్యాలెండర్ తీసి ప్రతి మంగళవారం గడిలో పై మూలన ఎర్ర పెన్నుతో అంకె వేసుకుంటూ పోయాను. డిసెంబర్ 30 గడిలో 43 పడింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు అడిగినా వేళ్ళు మడవాల్సిన పని లేకపోయింది. శుక్రవారం నాడు అడిగితే మంగళవారం గడిలో ఉన్న అంకె చూసి, దానికి మూడు రోజులు కలిపి చెప్పడమే.

ఫోన్‌లో కావాలంటే క్యాలెండర్ యాప్‌లో ప్రతి వారం వచ్చేలా ఒక రిమైండర్ పెట్టుకోండి. ఎక్సెల్ తెలిసినవాళ్ళు ఈరోజు తేదీలోంచి పుట్టిన తేదీని తీసేస్తే రోజులు వస్తాయి. వాటిని 7తో భాగించగా వచ్చేది వారాలు, మిగిలేది రోజులు. నాకైతే గోడ క్యాలెండరే నచ్చింది. రాత్రి మూడింటికి పాప ఏడుస్తుంటే ఫోన్ వెతుక్కోనక్కర్లేదు, పైగా ఇంట్లో అందరికీ కనబడుతుంది.

నిండినవా, నడుస్తున్నవా?

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. "ఆరో వారం" వేరు, "ఆరు వారాలు" వేరు. ఐదు వారాలు నిండిన మర్నాటి నుంచే ఆరో వారం నడుస్తూ ఉంటుంది. టీకాల కార్డులోనూ, ఎదుగుదల చార్టులోనూ, డాక్టర్ చెప్పే మాటలోనూ ఉండేది ఎప్పుడూ నిండిన లెక్కే. చాలా దేశాల్లో టీకాలు 6, 10, 14 వారాలకు వేస్తారు. అంటే 42, 70, 98 రోజులు నిండాక. మా పాపకి అవి ఏప్రిల్ 15, మే 13, జూన్ 10 తేదీల్లో పడ్డాయి. క్యాలెండర్‌లో ఆ మూడు అంకెల చుట్టూ ముందే గుండ్రంగా గీసి పెట్టుకున్నాను.

ఈ తేడా ఇంకా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆరు నెలల దగ్గర. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకి తల్లిపాలు తప్ప మరేమీ పెట్టొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇంట్లో పెద్దవాళ్ళు "ఆరో నెల వచ్చిందిగా, ఇంక మొదలుపెట్టొచ్చు" అంటారు. ఆరో నెల వచ్చిందంటే నిండినవి ఐదు నెలలే, సుమారు 22 వారాలు. ఆరు నెలలు నిండటమంటే 26 వారాలు. ఒక్క మాట తేడాతో నెల రోజులు ముందుకు జరిగిపోతుంది. కాబట్టి నోటుబుక్కులో వయసు రాసేటప్పుడు ప్రతిసారీ "నిండాయి" అనే మాట కూడా రాయండి.

నెలంటే నాలుగు వారాలు కాదు

నాలుగు వారాలంటే 28 రోజులు. నెలంటే సగటున 30 రోజుల మీద కొంచెం. ఈ రెండు మూడు రోజులు పోగుపడుతూ వస్తాయి. 12 వారాలు నిండితే మూడు నెలలు నిండినట్టే అనుకుంటారు, కాదు. మా పాపకి 12 వారాలు మే 27కి నిండాయి, మూడు నెలలు జూన్ 4కి. అప్పటికి వయసు 13 వారాల ఒక రోజు. గుర్తుపెట్టుకోవడానికి మూడే అంకెలు: మూడు నెలలంటే 13 వారాలు, ఆరు నెలలంటే 26, ఏడాదంటే 52 వారాల ఒక రోజు. నెలలు కావాల్సినప్పుడు వారాలను నాలుగుతో భాగించకండి. పుట్టిన తేదీనే చూడండి, మార్చి 4న పుడితే ప్రతి నెలా 4వ తేదీకి ఒక నెల నిండుతుంది.

నెలలు నిండకుండా పుడితే రెండు వయసులు

గర్భంలో 37 వారాలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఒక్క వయసు రాసుకుంటే చాలదు. పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టేది అసలు వయసు. ఎన్ని వారాలు ముందుగా పుట్టిందో అన్ని వారాలు అందులోంచి తీసేస్తే వచ్చేది సరిచేసిన వయసు. దీన్ని ఇంగ్లీషులో కరెక్టెడ్ ఏజ్ అంటారు. ఈ లెక్క నాకు తెలియని రోజుల్లో పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

పాపకి ఎనిమిది వారాలు నిండాయి. మా పెద్దది ఏడో వారంలోనే నవ్వింది. ఇది మాత్రం నేను ఎంత పలకరించినా నవ్వదు, ముఖం వైపు కాసేపు చూసి చూపు తిప్పేసుకుంటుంది. చూపులో ఏదైనా లోపమా, వినబడటం లేదా అని మూడు రాత్రులు నిద్రలేదు. చెకప్‌కి తీసుకెళ్ళినప్పుడు బరువు చూస్తున్న నర్సుతో ఆ మాటే అన్నాను. ఆవిడ కాటా మీంచి తల తిప్పకుండానే "పాప ఎన్ని వారాలకు పుట్టిందమ్మా?" అని అడిగింది. 35 అన్నాను. "మరైతే ఐదు వారాలు తీసెయ్యండి. ఇప్పుడు తనకి మూడు వారాలే. మూడు వారాల పాప ఎక్కడైనా నవ్వుతుందా?" అంది.

లెక్క ఇంతే. నిండు గర్భమంటే 40 వారాలు. ఆ 40 లోంచి పుట్టినప్పటి వారాలు తీసేయండి, ఎన్ని వారాలు ముందు పుట్టిందో వస్తుంది. అసలు వయసులోంచి దాన్ని తీసేయండి. రోజులు కూడా ఉంటే చిన్న తిప్పలు. డిశ్చార్జ్ కాగితంలో 34+3 అని ఉంటే 34 వారాల 3 రోజులని అర్థం. అప్పుడు 40 వారాలను 39 వారాల 7 రోజులుగా మార్చుకుని తీసేస్తే 5 వారాల 4 రోజులు వస్తుంది. ఇదంతా ఎందుకనుకుంటే ఇంకో తేలికైన దారి ఉంది. డాక్టర్ ఇచ్చిన డెలివరీ తేదీని సున్నాగా పెట్టుకుని అక్కడి నుంచి వారాలు లెక్కపెట్టండి, అదే సరిచేసిన వయసు. మా పాప పుట్టాల్సింది ఏప్రిల్ 8న. క్యాలెండర్‌లో ఆ రోజు నుంచి నీలం పెన్నుతో రెండో వరస అంకెలు వేశాను. ఒకే గడిలో ఎర్ర అంకె 8, నీలం అంకె 3 పక్కపక్కన చూశాక మనసు కుదుటపడింది. మీ బిడ్డ పుట్టిన వారం, పుట్టాల్సిన వారం వేరువేరు అయితే ఎర్ర అంకెలు ఒక రోజు మీద, నీలం అంకెలు ఇంకో రోజు మీద పడతాయి. కంగారు పడాల్సిందేమీ లేదు.

ఏ పనికి ఏ వయసు చూడాలో గుర్తుంచుకోండి. నవ్వడం, మెడ నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం లాంటి వాటికీ, ఎదుగుదల చార్టులో బరువు గుర్తు పెట్టడానికీ సరిచేసిన వయసు. టీకాలకు అసలు వయసు. "ఇంకా నెల కూడా నిండనట్టే లెక్క కదా, సూదులు అప్పుడేనా?" అని మా ఇంట్లోనూ సందేహపడ్డారు. బరువు మరీ తక్కువగా పుట్టిన పిల్లలకు ఏదైనా టీకా కొంచెం వెనక్కి జరపాలంటే అది డాక్టర్ చెబుతారు. మనంతట మనం ఆపకూడదు. సరిచేసిన వయసును మామూలుగా రెండేళ్ళు నిండేదాకా వాడతారు. 37 వారాలు దాటి పుట్టిన పిల్లలకు ఈ లెక్క అక్కర్లేదు.

వారానికి ఒక పేజీ

ఒక మామూలు నోటుబుక్కు చాలు. వారం నిండిన రోజున, పాప నిద్రపోయాక, ఐదు నిమిషాలు కూర్చుని రాయండి. పేజీ పైన తేదీ, వయసు. ముందుగా పుట్టిన పిల్లలైతే రెండు వయసులూ. కింద ఆ వారంలో మీ కళ్ళారా చూసింది రాయండి. "బాగుంది", "చురుగ్గా ఉంది" అని రాస్తే నెల తర్వాత మీకే ఏమీ అర్థం కాదు. ఏం చేసింది, ఎప్పుడు చేసింది, ఎన్నిసార్లు చేసింది అన్నది రాయాలి. మా నోటుబుక్కులో ఒక పేజీ ఇలా ఉంది:

"మే 22, గురువారం. 11 వారాల 2 రోజులు నిండాయి. సరిచేస్తే 6 వారాల 2 రోజులు. స్నానం చేయించి తువ్వాలు చుడుతుంటే నా ముఖం చూసి నవ్వింది. నిద్రలో నవ్వే నవ్వులా లేదు. మళ్ళీ పలకరించాను, మళ్ళీ నవ్వింది. మూడోసారి నవ్వలేదు, ఆవలించింది. సాయంత్రం ఆయన పలకరిస్తే ఆయనకీ నవ్వింది. ఏడుపు నిన్నటి లాగే ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా."

ఆ రోజు మంగళవారం కాదు. కొత్తది ఏదైనా జరిగితే వారం నిండేదాకా ఆగకుండా అప్పటికప్పుడు రాసేయండి. తర్వాత రాద్దాం అనుకున్నవేవీ గుర్తుండవు.

పేజీలో ఏం రాయాలో తోచకపోతే నాలుగు సంగతులు చూసుకోండి. మెడ, నడుము, కాళ్ళు ఎలా కదులుతున్నాయి. చేతులు ఏం చేస్తున్నాయి. చూపు, వినికిడి, గొంతులోంచి వచ్చే శబ్దాలు ఎలా ఉన్నాయి. మనుషులతో ఎలా మెలుగుతోంది. ప్రతి వారం నాలుగింటిలోనూ కొత్తది ఉండదు. రెండు మూడు వారాలు ఒకదాంట్లో ఏమీ మారకుండా ఉండి, ఉన్నట్టుండి ఒక్క వారంలో మూడు కొత్తవి రావడం మామూలే.

దీంతోపాటు నెలకి రెండు మూడు చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి. మెడ ఎంత నిలుపుతోందో, రెండు చేతులూ సమంగా కదులుతున్నాయో మనం మాటల్లో చెప్పేదానికన్నా డాక్టర్‌కి ఇరవై సెకన్ల వీడియోలో ఎక్కువ తెలుస్తుంది. డాక్టర్ ముందు పిల్లలు ఎలాగూ నిద్రపోతారు, లేకపోతే ఏడుస్తారు.

బరువు: అంకె కన్నా గీత ముఖ్యం

పుట్టిన మొదటి కొన్ని రోజుల్లో బరువు తగ్గుతుంది. ఇది తెలియక చాలామంది బెంబేలెత్తుతారు. పుట్టిన బరువులో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం, మళ్ళీ 10 నుంచి 14 రోజుల్లోపు పుట్టిన బరువుకి చేరుకోవడం మామూలే. మా పాప 2 కిలోల 300 గ్రాములు పుట్టి, ఐదో రోజుకి 2 కిలోల 150 గ్రాములకి దిగింది. తగ్గిన 150ని 2300తో భాగించి వందతో గుణిస్తే ఆరున్నర శాతం. పన్నెండో రోజుకి తిరిగి 2300 తూగింది. తగ్గింది పది శాతం దాటినా, రెండు వారాలు నిండినా పుట్టిన బరువుకి రాకపోయినా డాక్టర్‌కి చూపించాలి. అక్కడి నుంచి మొదటి మూడు నెలలూ రోజుకి సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతారు. సుమారు ఐదు నెలలకి పుట్టిన బరువుకి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతారు.

బరువు ప్రతిసారీ ఒకే కాటా మీద, బట్టలూ డైపరూ తీసేసి, పాలు తాగకముందే చూడండి. రోజూ చూడకండి. ఒక్కసారి పాలు తాగినా, ఒక్కసారి ఉచ్చ పోసినా మారిపోయే గ్రాములను పట్టుకుని రోజంతా దిగులు పడటం తప్ప ఒరిగేదేమీ లేదు. డాక్టర్ ప్రత్యేకంగా చెప్పకపోతే మొదటి నెలలో వారానికోసారి, ఆ తర్వాత టీకాలకి వెళ్ళినప్పుడు చూపిస్తే సరిపోతుంది. పొడవు, తల చుట్టుకొలత మాత్రం ఇంట్లో టేపు పెట్టి కొలవొద్దు. సెంటీమీటరు అటూ ఇటూ అయితే అనవసరమైన భయం. వాళ్ళు కొలిచిన అంకెను అడిగి రాసుకోండి.

ఆ అంకెలను చార్టులో గుర్తు పెట్టండి. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో పిల్లలను కొలిచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన చార్టులు మగపిల్లలకు, ఆడపిల్లలకు విడివిడిగా ఉంటాయి. వాటిలో పుట్టినప్పటి నుంచి 13 వారాల దాకా వారాల లెక్కన పట్టికలు ఉన్నాయి, ఆ తర్వాత నెలల లెక్కే. 25 అని రాసున్న గీత మీద మీ పాప ఉంటే, అదే వయసున్న వంద మంది ఆరోగ్యమైన పిల్లల్లో 25 మంది తనకన్నా తక్కువ బరువున్నారని. అది పరీక్షలో వచ్చిన మార్కు కాదు. పాప ఏ గీత దగ్గర ఉందన్నదానికన్నా, నెలలు గడిచేకొద్దీ ఆ గీత వెంటే వెళుతోందా అన్నది చూడాలి. రెండు గీతలు దాటి కిందికి జారితేనో, బరువు కదలకుండా ఉండిపోతేనో అడగాలి.

సరిచేసిన వయసు ఇక్కడ ఎంత తేడా తెస్తుందో చూడండి. ఏప్రిల్ 29న మా పాప మూడున్నర కిలోలు. ఆడపిల్లల చార్టులో ఎనిమిది వారాలకు నడిమి గీత దాదాపు 5 కిలోలు. అక్కడ చుక్క పెడితే పాప అట్టడుగు గీత కన్నా కింద పడింది. అదే చుక్కని మూడు వారాల దగ్గర పెడితే అక్కడ నడిమి గీత 3 కిలోల 800, పాప దానికి కాస్త కింద, హాయిగా గీతల మధ్యలోనే ఉంది. పాప అదే, బరువూ అదే.

ఏ వారాల్లో ఏం గమనించాలి

*మొదటి రెండు వారాలు.* ఎక్కువ సేపు నిద్రే. చూపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం దాకానే బాగా ఆనుతుంది, అంటే పాలు తాగేటప్పుడు అమ్మ ముఖం ఉండేంత దూరం. చిన్న చప్పుడికి చేతులు రెండూ బార్లా చాపి ఉలిక్కిపడుతుంది. ఈ రోజుల్లో రాసుకోవాల్సింది ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్ని డైపర్లు తడిపింది. ఐదారు రోజులు నిండాక రోజుకి ఆరైనా తడవాలి. బొడ్డు ఊడిన తేదీ కూడా రాయండి, మామూలుగా మూడు వారాల్లోపు ఊడిపోతుంది. కళ్ళలో, ఒంట్లో పసుపు రంగు రెండు వారాలు దాటినా ఉంటే చూపించాలి.

*మూడు నుంచి ఆరు వారాలు.* ఇవి కష్టమైన రోజులు. రెండు వారాల వయసు నుంచి ఏడుపు పెరుగుతూ ఆరు వారాల దగ్గర తారస్థాయికి చేరుతుంది, ముఖ్యంగా సాయంత్రాలు. తరవాత తగ్గుతూ మూడు నాలుగు నెలలకి సద్దుమణుగుతుంది. ముందుగా పుట్టిన పిల్లలకు ఈ ఆరు కూడా సరిచేసిన వయసు లెక్కే. మా పాప పదకొండు వారాలప్పుడు సాయంత్రం మొదలుపెడితే రెండున్నర గంటలు గుక్కపట్టి ఏడ్చేది. నీలం అంకె చూస్తే అప్పుడు 6. నోటుబుక్కులో రోజూ ఏడుపు మొదలైన టైము, ఆగిన టైము రాసినందుకు రెండు వారాల తర్వాత అది తగ్గుతోందని అంకెల్లో కనబడింది. అలిసిపోయి ఉన్న మనకి మామూలుగా ఆ తేడా తెలియదు. ఇలా రోజులు గడుస్తున్నప్పుడు ఎవరికైనా ఓపిక నశిస్తుంది. అప్పుడు పాపని వెల్లకిలా, సురక్షితమైన చోట పడుకోబెట్టి ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళిరండి, ఎంత విసుగొచ్చినా పాపని పట్టుకుని ఊపేయకండి. అలా ఊపితే మెదడుకి దెబ్బ తగులుతుంది.

*ఆరు నుంచి ఎనిమిది వారాలు.* పలకరిస్తే నవ్వే నవ్వు. నిద్రలో పెదాలు సాగదీసే నవ్వు మొదటి రోజుల నుంచే ఉంటుంది, అది లెక్కలోకి రాదు. మీ కళ్ళలోకి చూసి, మీ మాటకి బదులుగా వచ్చేదే ఈ నవ్వు. పాప కడుపు నిండి మెలకువగా ఉన్నప్పుడు, ముఖాన్ని దగ్గరగా పెట్టి, నిదానంగా పలకరించి ఆగండి. ఆ బదులు రావడానికి వాళ్ళకి కొన్ని క్షణాలు పడుతుంది. మనం గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూ ఉంటే ఆ అవకాశం ఉండదు. దీనితోపాటే ఊఁ, ఉంగా అనే శబ్దాలు వస్తాయి. బోర్లా పడుకోబెడితే తల కాసేపు పైకెత్తుతుంది.

బోర్లా పడుకోబెట్టడం మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే కూర్చున్నప్పుడు మాత్రమే. నిద్రపుచ్చేది ఎప్పుడూ వెల్లకిలానే. మొదట్లో ఒకటి రెండు నిమిషాలతో మొదలుపెట్టి, రోజు మొత్తం మీద అరగంట అయ్యేలా పెంచుకుంటూ వెళ్ళాలి.

*తొమ్మిది నుంచి 13 వారాలు.* పిడికిళ్ళు విడతాయి. తన చేతిని తానే కళ్ళ ముందు తిప్పుకుంటూ చూసుకుంటుంది. కదిలే మనిషి వెంట చూపు తిప్పుతుంది. మెడ ఇంకా పూర్తిగా నిలవదు కానీ ఎత్తుకుంటే ముందులా వాలిపోదు.

*14 నుంచి 26 వారాలు.* నాలుగు నెలలకి మెడ నిలుస్తుంది, చేతిలో బొమ్మ పెడితే పట్టుకుంటుంది, చేతులు నోట్లోకి వెళతాయి. కేరింతలు మొదలవుతాయి. ఆరు నెలలకి చాలామంది బోర్లా నుంచి వెల్లకిలా తిరుగుతారు, గట్టిగా నవ్వుతారు. మొదటిసారి దొర్లేది ఎప్పుడో చెప్పి రాదు, మంచం మీద ఒంటరిగా వదిలితే పడిపోయేది ఈ వారాల్లోనే. దొర్లబోతున్న సూచన కనబడిన రోజు నుంచి గుడ్డలో బిగించి చుట్టడం కూడా మానేయాలి.

*26 వారాల తర్వాత* హద్దులు బాగా విశాలమైపోతాయి. ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపు ఎప్పుడైనా రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే దాదాపు 17 వారాల నుంచి 40 వారాల దాకా. తనంతట తానే నడవడం 8.2 నుంచి 17.6 నెలలు. మోకాళ్ళ మీద దోగాడటం కొందరు అసలు చేయనే చేయరు, ఆ సంస్థ గమనించిన పిల్లల్లో నూటికి నలుగురు దోగాడకుండానే నిలబడి నడిచారు. తొమ్మిది నెలలకి మామామా, బాబాబా అనే పలుకులు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటం, కొత్తవాళ్ళని చూసి బెదరడం. ఏడాదికి పట్టుకుని లేచి నిలబడటం, చిన్న వస్తువును బొటనవేలు, చూపుడువేలితో తీయడం, టాటా చెప్పడం. ఇంత విశాలమైన హద్దులున్నప్పుడు ఒక వారం ఆలస్యమైందని రాసుకోవడంలో అర్థం లేదు. అందుకే నేను 26 నిండాక నెలకొక పేజీకి మారిపోయాను. ముందుగా పుట్టిన పిల్లలకు నీలం అంకెలు మాత్రం ఆపకండి.

ఫలానా వారంలో మెదడు ఒక్కసారిగా ఎదుగుతుంది, అందుకే ఆ వారం పేచీ పెడుతుంది అని ముందే టైంటేబుల్ ఇచ్చే యాప్‌లు ఉన్నాయి. వాటిని నమ్ముకుని జ్వరమో, చెవినొప్పో ఉన్న పాపని "ఈ వారం ఇలాగే ఉంటుందట" అని వదిలేసే ప్రమాదం ఉంది. నా మాట వింటే వాటిని పక్కన పెట్టండి.

ఆగకుండా డాక్టర్‌కి చూపించాల్సినవి

మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ కానీ అంతకు మించి కానీ ఉంటే, రాత్రయినా సరే తెల్లవారేదాకా ఆగొద్దు. ఈ వయసులో జ్వరం ఒక్కటే లక్షణంగా పెద్ద ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. ఫోన్ చేసేటప్పుడు మొదటి మాటగా వయసు వారాల్లో చెప్పండి.

ఎదుగుదల విషయంలో అంత హడావిడి ఉండదు కానీ వచ్చే చెకప్ దాకా వాయిదా వేయకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మూడు నెలలు నిండినా పలకరిస్తే నవ్వకపోవడం, కదిలే ముఖం వెంట చూపు తిప్పకపోవడం. పెద్ద చప్పుడికి ఉలకకపోవడం. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, పిడికిళ్ళు ఎప్పుడూ బిగించే ఉండటం. ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చేయి వాడటం, రెండో చేయి వాడకపోవడం. తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవడం. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోవడం, లేదా వేలాడిపోవడం. ముందుగా పుట్టిన పిల్లలకు ఈ నెలలన్నీ సరిచేసిన వయసు ప్రకారమే. ఒక్కదానికి మాత్రం ఏ వయసూ చూడక్కర్లేదు: నిన్నటిదాకా చేసిన పనిని బిడ్డ మానేస్తే, నవ్వేది నవ్వకుండా, పలికేది పలకకుండా అయిపోతే, వెంటనే తీసుకెళ్ళండి. నోటుబుక్కు ఉన్న తల్లి దీన్ని ముందుగా పట్టుకోగలదు, ఎందుకంటే ఫలానా పని ఏ తేదీ దాకా చేసిందో తన దగ్గర రాసి ఉంటుంది.

వెళ్ళేటప్పుడు నోటుబుక్కు మొదటి పేజీలో ఈ వరస రాసి తీసుకెళ్ళండి. మా పాపకి జూలై 18న రాసింది ఇది: "పుట్టింది మార్చి 4, 35 వారాలకు, 2 కిలోల 300. ఇవాళ్టికి 19 వారాల 3 రోజులు నిండాయి, సరిచేస్తే 14 వారాల 3 రోజులు. 14 వారాల టీకా జూన్ 10న వేయించాం. కుడి చేత్తో బొమ్మ పట్టుకుంటోంది, ఎడమ చేత్తో ఇంకా చూడలేదు. వీడియో ఉంది."